ఇంటి లాగర్‌ను సీసాల్లో నింపి గ్యాసు పట్టించడం: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో లాగర్, అంటే చలిలో నెమ్మదిగా పులిసే బీరు, పులియబెట్టేవారికి ఓపికకు కొదవ ఉండదు. 9 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ చలిలో ఈస్ట్ నెమ్మదిగా పని ముగించేదాకా రెండు మూడు వారాలు ఎదురుచూస్తారు, ఆ తరువాత సున్నాకు దగ్గరి చలిలో మరో ఆరు వారాలు బీరును కదపకుండా ఉంచుతారు. ఇంత చేసినవారు కూడా సీసాల్లోకి నింపే ఆ ఒక్క మధ్యాహ్నం తొందరపడడం, లేదా వెచ్చదనంలో త్వరగా పులిసే ఏల్ బీరుకు వాడే చక్కెర లెక్కనే లాగర్‌కూ వాడడం వల్ల, నెల తరువాత మూత తీస్తే చప్పగా నీళ్లలా ఉండే బీరు గానీ, పొంగి బల్లంతా తడిపే బీరు గానీ చేతికొస్తుంది. అమెరికాలోని మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో బేస్‌మెంట్ చలికాలమంతా తనంతట తానే లాగర్‌కు సరిపోయే చల్లదనంలో ఉంటుంది. అలాంటి బేస్‌మెంట్లో ఏళ్ల తరబడి లాగర్ చేస్తూ నేర్చుకున్న విషయాలను, వాటి వెనుక ఉన్న కారణాలతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పుకోవాలి. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి కేంద్రస్థాయిలో అనుమతి వచ్చింది. ఒక వయోజనుడు ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, కానీ అమ్మకూడదు. చివరగా మిగిలిన అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు కూడా 2013లో దీన్ని అనుమతించాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉంటున్న తెలుగువారి కోసం రాసినదని గమనించండి.

లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద నడిస్తే అర్థం చేసుకోవడం తేలిక. మనది ఒక పిల్స్‌నర్, అంటే లేత రంగు లాగర్, అనుకుందాం. పులియక ముందు, ద్రవం నీటికంటే ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్ 1.048 చూపింది, పులిసిన తరువాత 1.010 చూపింది. 10 డిగ్రీల దగ్గర పులిసింది, చివర్లో మూడు రోజులు 18 డిగ్రీలకు పెంచాం, ఆ తరువాత 2 డిగ్రీల దగ్గర ఆరు వారాలు ఉంచాం. మడ్డి వదిలేయగా సీసాల్లోకి పోయడానికి 18 లీటర్ల బీరు మిగిలింది.

మొదటి అడుగు: పులియడం నిజంగా ముగిసిందా?

సీసాలు పేలడానికి ఎక్కువగా కారణమయ్యేది పులియడం పూర్తికాకుండానే నింపడం. అందుకే మిగతా అన్నిటికంటే దీనిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టమని కోరుతున్నాను. పాత్ర మూతలోంచి వాయువును బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగడం ఏమీ రుజువు చేయదు. చలి పెరిగి ఈస్ట్ నిద్రపోయినా, మూత దగ్గర గాలి తప్పించుకుపోతున్నా బుడగలు ఆగిపోతాయి. 18 డిగ్రీల దగ్గర ఉంచిన రోజుల్లోనే, అంటే చల్లబరచడానికి ముందే, మూడు రోజుల ఎడంతో రెండుసార్లు హైడ్రోమీటర్ చూడాలి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి, ఆ అంకె మీ ఈస్ట్ రకం సాధారణంగా చేరే స్థాయికి దగ్గరగా కూడా ఉండాలి.

ఈ జాగ్రత్త ఎందుకో అంకెల్లో చూస్తే బాగా బోధపడుతుంది. హైడ్రోమీటర్ మీద ఒక పాయింటు, అంటే 0.001, తగ్గినప్పుడల్లా బీరులో దాదాపు అర వాల్యూమ్ కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఒక లీటరు బీరులో ఒక లీటరు వాయువు కరిగి ఉంటే దాన్ని ఒక వాల్యూమ్ అంటారు, బరువులో అది లీటరుకు 1.96 గ్రాములు. మన పిల్స్‌నర్ 1.010కి చేరవలసి ఉండగా 1.014 దగ్గర ఆగి, ఆ సంగతి గమనించకుండా, మూసిన సీసాలో ఈస్ట్ తిని గ్యాసు పుట్టించడానికి కలిపే చక్కెర కూడా కలిపి సీసాల్లో నింపామనుకోండి. సీసాలు వెచ్చబడగానే ఈస్ట్ మళ్లీ లేచి ఆ నాలుగు పాయింట్లనూ తినేస్తుంది, మనం అనుకున్న 2.5 వాల్యూములకు మరో రెండు తోడవుతాయి. 20 డిగ్రీల గదిలో 2.5 వాల్యూముల బీరు సీసా గోడల మీద సుమారు 28 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి పెడుతుంది, కారు టైరులో ఉండే గాలికి ఇది కొంచెం తక్కువ. 4.5 వాల్యూములైతే ఆ ఒత్తిడి 58 దాటుతుంది. మామూలు బీరు సీసాను అందుకోసం చేయలేదు.

ఇదే రోజుల్లో ఇంకొక పరీక్ష కూడా చేసేయాలి. లాగర్ ఈస్ట్ పులియబెట్టే క్రమంలో డయాసిటైల్ అనే పదార్థం తయారవుతుంది, దానికి కృత్రిమ వెన్న వాసన ఉంటుంది. ఆ వాసన ఇంకా పుట్టకుండా, పుట్టడానికి సిద్ధంగా ఉన్న దశలో కూడా ఉండవచ్చు, అందుకే మామూలుగా వాసన చూస్తే తెలియకపోవచ్చు. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసి, ఒకదానికి మూతపెట్టి 60–70 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండవ గ్లాసుతో పోల్చి వాసన చూడండి. వేడిచేసిన దానిలో వెన్న వాసన వస్తే ఈస్ట్ శుభ్రం చేసే పని ఇంకా మిగిలి ఉందని అర్థం, మరి రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచాలి. చలిలోకి పంపిన తరువాత ఈ లోపాన్ని సరిదిద్దడం కష్టం.

రెండవ అడుగు: సీసాలు, మూతలు

గోధుమరంగు సీసాలనే వాడండి. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలలోని పదార్థాలు వెలుతురు తగిలినప్పుడు, ముఖ్యంగా నీలి, అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు, విడిపోయి ఒక గంధక సమ్మేళనంగా మారతాయి. దాన్ని మన ముక్కు అతి తక్కువ మోతాదులోనే పసిగడుతుంది, అమెరికన్లు దాన్ని స్కంక్ వాసన అంటారు. పచ్చని, తెల్లని సీసాలు ఈ కిరణాలను ఆపలేవు. లాగర్ రుచి సున్నితంగా ఉంటుంది కనుక ఈ తప్పును దాచడానికి దానిలో వేరే ఘాటైన రుచేదీ ఉండదు.

మర తిప్పి తీసే మూతల సీసాల మీద క్రౌన్ మూత గట్టిగా పట్టదు కాబట్టి వాటిని పక్కన పెట్టండి. ఓపెనర్‌తో తీసే 355 మిల్లీలీటర్ల సీసాలకు 26 మిల్లీమీటర్ల మూతలు సరిపోతాయి, కొన్ని యూరోపియన్ సీసాలకు 29 మిల్లీమీటర్లవి కావాలి, వాటికి మూతలు బిగించే క్యాపర్‌లో బిగింపు ముక్క కూడా మార్చాలి. తీగతో బిగించే స్వింగ్‌టాప్ సీసాలు వాడితే రబ్బరు వలయాలను ఏటా మార్చడం మంచిది. ప్రతి సీసానూ వెలుతురుకు ఎత్తిపట్టి, మూతి అంచున పెచ్చు ఊడినదాన్నీ, ఒంటిమీద సన్నని చీలిక ఉన్నదాన్నీ మొహమాటం లేకుండా పారేయండి. 18 లీటర్లకు 50 సీసాలు పడతాయి, నాలుగైదు ఎక్కువే సిద్ధం చేసుకోండి.

కడగడం, శానిటైజ్ చేయడం వేర్వేరు పనులు. లోపల ఎండిన మడ్డి ఉన్న సీసాను ఏ శానిటైజరూ కాపాడలేదు. ముందు పీబీడబ్ల్యూ వంటి క్షారపు పొడి కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, బాగా జాడించాలి. గిన్నెల సబ్బు, డిష్‌వాషర్‌లో పోసే రిన్స్ ఎయిడ్ వద్దు, వాటి పొర మిగిలితే నురగ నిలవదు. ఆ తరువాత స్టార్ శాన్ వంటి ఆమ్ల శానిటైజర్‌ను 19 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపి ఒకటి రెండు నిమిషాలు తడిపి ఉంచితే చాలు. దాన్ని మళ్లీ కడగనక్కరలేదు, సీసాలో మిగిలిన కొద్దిపాటి నురగ వల్ల బీరుకు హాని లేదు. మూతలను మాత్రం మరిగించకండి, లోపలి పొర పాడవుతుంది. శానిటైజర్‌లో ముంచి తీస్తే సరిపోతుంది.

మూడవ అడుగు: చక్కెర లెక్క

లాగర్ విషయంలో అందరూ తడబడేది ఇక్కడే. పులిసిన బీరులో అప్పటికే కొంత కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, దాన్ని తీసివేసి మిగిలినదానికే చక్కెర కలపాలి. ఎంత కరిగి ఉంటుందో ఉష్ణోగ్రతను బట్టి చెప్పవచ్చు: 2 డిగ్రీల దగ్గర సుమారు 1.6 వాల్యూములు, 12 దగ్గర 1.1, 18 దగ్గర 0.92, 20 దగ్గర 0.86. మన బీరు ఇప్పుడు 2 డిగ్రీల చలిలో ఉంది కదా, 1.6 తీసుకుందాం అనిపిస్తుంది. అది తప్పు. 18 డిగ్రీలకు పెంచిన మూడు రోజుల్లో అదనపు వాయువు బయటికి పోయింది, అప్పటికి పులియడం కూడా ముగిసింది. తరువాత చల్లబరచినంత మాత్రాన కొత్త వాయువు ఎక్కడినుంచీ రాదు. పాత్ర పైభాగంలో ఉన్నదానిలో కొద్దిగా తిరిగి కరిగినా అది లెక్కలోకి రానంత తక్కువ. అందువల్ల పులియడం ముగిశాక బీరు చూసిన అత్యధిక ఉష్ణోగ్రతనే లెక్కకు తీసుకోవాలి, మన ఉదాహరణలో అది 18.

ఇక లక్ష్యం. జర్మన్ పిల్స్, హెల్లెస్ రకాలకు 2.5 వాల్యూములు చక్కగా నప్పుతాయి, చెక్ లాగర్‌కు 2.3 నుంచి 2.5 వరకు, డంకెల్, బాక్ వంటి ముదురు రకాలకు కొంచెం తక్కువ, అమెరికన్ లాగర్‌కు 2.6 లేదా 2.7. మనం 2.5 ఎంచుకున్నాం, అందులో 0.92 ఇప్పటికే ఉంది, మిగిలింది 1.58. దాన్ని 1.96తో గుణిస్తే లీటరుకు 3.1 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలని తేలుతుంది. వంటింటి పంచదార ఒక గ్రాము పులిస్తే 0.51 గ్రాముల వాయువు వస్తుంది, కాబట్టి లీటరుకు 6 గ్రాములు, 18 లీటర్లకు 108 గ్రాములు. బ్రూయింగ్ దుకాణాల్లో కార్న్ షుగర్ పేరుతో దొరికే డెక్స్‌ట్రోజ్‌లో తేమ కలిసి ఉంటుంది, గ్రాముకు 0.44 మాత్రమే వస్తుంది, అది 126 గ్రాములు కావాలి. రుచిలో ఈ రెండింటికీ తేడా నేనెన్నడూ గమనించలేదు, కనుక ఇంట్లో ఉన్న పంచదార చాలు.

పొరపాటున 2 డిగ్రీల అంకె వాడి ఉంటే లెక్క 62 గ్రాములు చూపేది, బీరు 1.8 వాల్యూముల దగ్గరే ఆగిపోయేది. అది ఇంగ్లండు పబ్బుల్లో పీపాలోంచి పోసే ఏల్‌కు బాగుంటుంది కానీ పిల్స్‌నర్‌కు ప్రాణం తీసినట్టే. నా మొదటి లాగర్ సరిగ్గా ఇలాగే చప్పబడింది, అందుకే ఈ లెక్కను ఇంత విడమరచి చెబుతున్నాను. చక్కెరను ఎప్పుడూ గ్రాముల తూకంతోనే కొలవండి, కప్పులతో కొలిస్తే పలుకు సన్నం, దొడ్డు తేడాతోనే లెక్క మారిపోతుంది.

బవేరియాలో 1516 నాటి బీరు శుద్ధి శాసనాన్ని గౌరవించే సంప్రదాయంలో చక్కెర వాడరు. మాల్ట్, అంటే మొలకెత్తించిన ధాన్యం, నుంచి తీసిన రసాన్ని పులియకముందే కొంత తీసి దాచి, దాన్నే చివర్లో కలుపుతారు. దాన్ని జర్మన్లు స్పైజె, అంటే ఆహారం, అంటారు. మన బీరుకు అలా చేయాలంటే 1.048 రసం సుమారు 1.6 లీటర్లు కావాలి. దాన్ని మరిగించి, శుభ్రమైన డబ్బాలో గడ్డకట్టించి దాచాలి, వాడే ముందు మళ్లీ మరిగించి చల్లార్చాలి. శ్రమ ఎక్కువే అయినా అన్నీ మాల్ట్‌తోనే పూర్తిచేశామన్న తృప్తి కావాలనుకునేవారు ఒకసారి తప్పక చేసి చూడవచ్చు.

నాలుగవ అడుగు: కొత్త ఈస్ట్ కలపాలా?

ఆరు వారాల చలిలో ఈస్ట్ దాదాపు అంతా అడుగుకు చేరుతుంది, పైన తేలుతున్న కొద్దిపాటిది అలసిపోయి ఉంటుంది. నాలుగు వారాలలోపు చలిలో ఉంచిన మామూలు బలమున్న బీరైతే మిగిలిన ఈస్టే పని చేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. ఆరు వారాలు, అంతకు మించి ఉంచినా, జెలటిన్ వేసి తేటపరచినా, ఆల్కహాల్ 7 శాతం పైబడిన బాక్ రకమైనా కొత్త ఈస్ట్ కలపడం నా దృష్టిలో తప్పనిసరి. 18 లీటర్లకు 2 గ్రాముల పొడి ఈస్ట్ చాలు. సీసాల్లో గ్యాసు పట్టించడానికే అమ్మే సీబీసీ-1 వంటి ఈస్ట్ అయితే మేలు, అది మాల్టోట్రయోస్ అనే చక్కెరను ముట్టదు కాబట్టి బీరులో మిగిలిన తీపిని కెలకదు. అది దొరకకపోతే మీరు వాడిన లాగర్ ఈస్ట్ రకాన్నే పొడి రూపంలో కొనండి. మరిగించి 30 డిగ్రీలకు చల్లార్చిన కొద్ది నీళ్లలో పావుగంట నానబెట్టి కలపండి.

ఐదవ అడుగు: నింపడం

పంచదారను 300 మిల్లీలీటర్ల నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చండి. శానిటైజ్ చేసిన బాట్లింగ్ బకెట్ అడుగున ముందు ఆ పానకం, నానిన ఈస్ట్ పోసి, సైఫన్ గొట్టం చివర బకెట్ అడుగున వంపు తిరిగి ఉండేలా అమర్చి, బీరును మెల్లగా దిగనివ్వండి. బీరు గుండ్రంగా తిరుగుతూ నిండుతుంది, పానకం చాలావరకు అదే కలుస్తుంది. అయినా చల్లని బీరులో చిక్కటి పానకం అడుగున నిలిచిపోయే గుణం ఉంది. శానిటైజ్ చేసిన పొడవాటి గరిటెతో అలలు రాకుండా నాలుగైదుసార్లు తిప్పండి. ఇది మానేస్తే ఒక సీసా చప్పగా, పక్క సీసా పొంగుతూ తయారవుతుంది.

అలలు రాకూడదని ఎందుకన్నానంటే, పులిసిన లాగర్‌కు గాలిలోని ఆక్సిజన్ బద్ధశత్రువు. నెలలో మాల్ట్ వాసన మాసి, తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. పైగా చల్లని ద్రవంలో ఆక్సిజన్ మరింత సులువుగా కరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉన్నవారు ముందుగా బకెట్లోకి, సీసాల్లోకి కాస్త వాయువు వదిలితే ఎంతో మేలు. లేనివారు బీరు ఎక్కడా చిందకుండా, గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూసుకోవాలి.

నింపడానికి చివర స్ప్రింగ్ ఉన్న బాట్లింగ్ కర్ర వాడండి. దాన్ని సీసా అడుగుకు ఆనిస్తే బీరు దిగుతుంది, ఎత్తితే ఆగుతుంది. మూతి అంచుదాకా నింపి కర్ర బయటికి తీస్తే, అది ఆక్రమించిన మేరకు బీరు దిగి, 2.5 నుంచి 3 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. చల్లని బీరు వెచ్చబడినప్పుడు వ్యాకోచిస్తుంది కనుక ఆ ఖాళీ ఉండి తీరాలి. అంతకంటే ఎక్కువ వదిలితే లోపల గాలి ఎక్కువవుతుంది. నింపిన వెంటనే మూత పైన పెట్టి, ఆరేడు సీసాలయ్యాక వరుసగా క్యాపర్‌తో బిగించండి. పానకం కలిపినప్పటి నుంచి ఆఖరి మూత బిగించేదాకా గంటకు మించకుండా ఉండాలంటే ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోండి.

ఒక సీసాను మాత్రం ప్లాస్టిక్‌ది తీసుకోండి. సోడా అమ్మే చిన్న ప్లాస్టిక్ సీసాను కడిగి, నింపి, పక్కలు నొక్కి గాలి పోగొట్టి మూత బిగించండి. రోజూ దాన్ని వేళ్లతో నొక్కి చూస్తే గాజు సీసాల లోపల ఏం జరుగుతున్నదో మూత తీయకుండానే తెలుస్తుంది.

ఆరవ అడుగు: వెచ్చదనం, ఆ తరువాత చలి

లాగర్ కదా అని ఈ సీసాలను మళ్లీ 10 డిగ్రీల దగ్గర పెట్టేవారున్నారు. అలా పెడితే గ్యాసు పట్టడానికి నెలన్నర అయినా పట్టవచ్చు. ఇక్కడ పులిసే చక్కెర చాలా తక్కువ కాబట్టి వెచ్చదనం వల్ల పండ్ల వాసనలు పుట్టి రుచి చెడుతుందన్న భయం అనవసరం. 20–22 డిగ్రీల దగ్గర, చీకటిలో, రెండు నుంచి మూడు వారాలు ఉంచండి. మందపాటి అట్టపెట్టెలోనో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టండి. ఏ కారణంగానైనా సీసా పగిలితే గాజు ముక్కలు అందులోనే ఉంటాయి.

ప్లాస్టిక్ సీసా రాయిలా గట్టిపడ్డాక, ఒక గాజు సీసాను రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి తెరిచి చూడండి. గంట మాత్రమే చల్లబరచి తెరిస్తే, పైన ఉన్న వాయువు ఇంకా బీరులో కరగక, బుస్సుమని పొంగి, తాగేసరికి చప్పగా అనిపిస్తుంది. సరిగ్గా ఉంటే మిగతావన్నీ చలిలోకి మార్చి, కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు ఆగండి. ఈ రెండవ చలిలోనే నురగ చిక్కబడుతుంది, మడ్డి సీసా అడుగున గట్టిగా అంటుకుంటుంది, రుచులు కుదురుకుంటాయి.

మూడు వారాలైనా గ్యాసు పట్టకపోతే, ముందు గది వెచ్చదనం చూడండి. తరువాత ప్రతి సీసానూ నెమ్మదిగా తలకిందులు చేసి మడ్డిని లేపి ఇంకో వారం ఉంచండి. అన్ని సీసాలూ అతిగా పొంగుతుంటే, చేతులకు మందపాటి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, వెంటనే వాటన్నిటినీ ఫ్రిజ్‌లోకి చేర్చండి. చల్లబడితే ఒత్తిడి పడిపోతుంది. తరువాత మూతలను కొద్దిగా లేపి వాయువు వదిలి మళ్లీ బిగించవచ్చు. ఒకటి రెండు సీసాలే పుల్లగా మారి పొంగితే అవి సరిగా శుభ్రం కాలేదని అర్థం.

కెగ్ ఉన్నవారికి

మన ఊళ్ల గోలీ సోడా బండిలో సిలిండర్ నుంచి నీళ్లలోకి నేరుగా వాయువు ఎక్కించినట్టే, కెగ్ అనే లోహపు పీపాలో లాగర్‌కూ ఎక్కించవచ్చు. 3 డిగ్రీల దగ్గర, 11 పీఎస్‌ఐ ఒత్తిడిలో ఒక వారం పది రోజులు ఉంచితే 2.5 వాల్యూములు పడతాయి. సీసా అడుగున మడ్డి ఉండదు, చక్కెర లెక్క ఉండదు. దాన్ని సీసాల్లోకి తీసేటప్పుడు సీసాలను కూడా ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబరచాలి, ముందు కార్బన్ డయాక్సైడ్‌తో గాలిని తరిమేయాలి, ఒత్తిడి తగ్గించి మెల్లగా నింపి, పైకి లేచిన నురగ మీదనే మూత బిగించాలి. నింపేటప్పుడు కొంత వాయువు పోతుంది కనుక కెగ్‌లో 0.1 లేదా 0.2 వాల్యూములు ఎక్కువ పెట్టుకోండి. కిటికీలు లేని బేస్‌మెంట్లో సిలిండర్ కారితే కార్బన్ డయాక్సైడ్ నేలబారున నిలిచి ఊపిరాడకుండా చేస్తుంది, కీళ్ల దగ్గర సబ్బునురగ రాసి కారడం లేదని చూసుకోకుండా వాల్వు తెరిచి వెళ్లకండి.

పోసేటప్పుడు

మూత మీద నింపిన తేదీ, చక్కెర గ్రాములు రాసుకోండి, వచ్చేసారి లెక్క సవరించుకోవడానికి అదే ఆధారం. సీసాను ఫ్రిజ్‌లో నిలబెట్టే ఉంచి, కదపకుండా తీసి, వంచిన గ్లాసులోకి ఒకే ధారగా, మధ్యలో సీసాను నిటారుగా ఎత్తకుండా పోయండి. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి, అడుగున ఒక సెంటీమీటరు బీరు వదులుకోవడానికి వెనకాడవద్దు. గ్లాసు బల్ల మీద పెట్టే ముందే ఖాళీ సీసాను వేడినీళ్లతో మూడుసార్లు జాడించి బోర్లించండి. మడ్డి ఎండకముందు అర నిమిషంలో వదిలిపోతుంది, ఎండిన తరువాత అదే సీసాకు రాత్రంతా నానబెట్టే పని పడుతుంది.